వృక్షోద్యాన నిర్మాణంలో తోట కార్మికుల శ్రమ, నైపుణ్యం – ఆర్నాల్డ్ ఆర్బోరేటం తొలి దశపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

వృక్షోద్యానాల చరిత్రను సాధారణంగా వాటి సంచాలకులు, మొక్కల అన్వేషకులు, రూపశిల్పుల పేర్లతో చెప్పుకోవడం ఆనవాయితీ. అయితే విత్తనం మొలకెత్తి, నారుమడి దాటి, శాశ్వత స్థానంలో వృక్షంగా నిలిచే వరకు దానిని కాపాడినది తోటలో నిత్యం పనిచేసిన చేతులే. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1872లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆధ్వర్యంలో ఏర్పడిన ఆర్నాల్డ్ ఆర్బోరేటం తొలి యాభై ఏళ్లను ఆధారం చేసుకొని, అట్టి సిబ్బంది పని స్వభావాన్ని, దాని నుండి నేటి పరిశోధన క్షేత్రాలు గ్రహించదగిన అంశాలను వివరించుట ఈ వ్యాసం ఉద్దేశ్యం.

నేల, నిర్వహణ

వర్తకుడైన జేమ్స్ ఆర్నాల్డ్ వీలునామా ద్వారా లభించిన నిధితో, బెంజమిన్ బస్సీ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన వ్యవసాయ భూమిలో ఈ ఉద్యానం మొదలైనది. 1873లో చార్లెస్ స్ప్రేగ్ సార్జెంట్ తొలి సంచాలకునిగా నియమితుడై, 1927లో మరణించే వరకు కొనసాగినాడు. ఆయనకు దక్కినది సారం ఉడిగిన పొలం, పశువుల మేపుతో దెబ్బతిన్న అడవి.

1882లో కుదిరిన ఒప్పందం ప్రకారం భూమి యాజమాన్యం నగరానికి చెందినది. విశ్వవిద్యాలయం దానిని వెయ్యి సంవత్సరాల కౌలుకు తీసుకున్నది. రోడ్ల నిర్మాణం, వాటి మరమ్మతు, భద్రత నగర బాధ్యత. మొక్కల పెంపకం, శాస్త్రీయ సేకరణ విశ్వవిద్యాలయ బాధ్యత. ఫలితంగా ఒకే తోటలోని పని ఇద్దరు యజమానుల కింద సాగినది. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ రూపకల్పనలో రోడ్లు సిద్ధమయ్యే వరకు వృక్ష కుటుంబాల వారీ శాశ్వత నాట్లకు వీలులేకపోయినది. అందువలన 1880ల నడుమ వరకు వేలాది మొక్కలను నర్సరీలోనే పెంచుతూ, వేరు వ్యవస్థ చెడకుండా నిలుపుకోవలసి వచ్చినది. కాగితం మీద కనబడని ఈ నిరీక్షణ కాలమే సిబ్బంది నైపుణ్యానికి తొలి పరీక్ష.

ప్రవర్ధన శాల: జాక్సన్ డాసన్

ఇంగ్లండులో 1841లో జన్మించిన జాక్సన్ డాసన్ బాల్యంలోనే అమెరికా చేరి, నర్సరీలో పని నేర్చి, అంతర్యుద్ధంలో సైనికునిగా పనిచేసినాడు. ఆర్బోరేటంలో 1873 నుండి 1916లో మరణించే వరకు మొక్కల ప్రవర్ధన బాధ్యత ఆయనదే.

ఈ పనిలోని కష్టాన్ని క్రాటేగస్ ప్రజాతి ఉదాహరణతో గ్రహించవచ్చు. సార్జెంట్ ఈ ప్రజాతిలో వందలాది కొత్త జాతులను వర్ణించినాడు. దీని గింజకు గట్టి పెంకుతో పాటు పిండ సుప్తావస్థ కూడా ఉండుట వలన, విత్తిన మొదటి వసంతంలో చాలా వరకు మొలక రాదు. వెచ్చని దశ, ఆపై చలి దశ గడిచిన తరువాత రెండవ వసంతంలో మొలకెత్తుతుంది. మొదటి ఏడాది ఖాళీగా కనబడిన మట్టితొట్టిని ‘మొలవలేదు’ అని పారవేసినచో దూరప్రాంతం నుండి తెచ్చిన సేకరణ అంతా వ్యర్థమే. తేమ ఆరనీయక, ఎలుకల పాలు కానీయక, సంఖ్యా ఫలకం చెరగనీయక రెండేళ్లు కాచుట ఇందులోని అసలు పని. ఫలకం తారుమారైతే మొక్క బ్రతికినా శాస్త్రానికి మరణించినట్లే.

మంచు కాలంలో నేల గడ్డకట్టినప్పుడు పని ఆగదు; అద్దాల గృహంలో విత్తన శుద్ధి, అంటు కట్టుట వంటి పనులు సాగుతాయి. సంకరణంలోనూ డాసన్ నేర్పరి. 1888 నాటి ‘డాసన్’ గులాబీ ఆయన కృషి ఫలితం. 1910లో మసాచుసెట్స్ హార్టికల్చరల్ సొసైటీ ఆయనకు జార్జ్ రాబర్ట్ వైట్ పతకం ఇచ్చినది. అంతకు ముందు ఏడాది అదే పతకం సార్జెంట్‌కు లభించినది. సంచాలకుని తరువాత ఆ సంస్థ తోటపనివానిని గుర్తించుట గమనార్హం.

పార పట్టిన వర్గీకరణ శాస్త్రవేత్త

జర్మనీలో తోటపని నేర్చిన ఆల్‌ఫ్రెడ్ రేడర్ 1898లో అమెరికా వచ్చి, ఆర్బోరేటంలోని పొదమొక్కల మడులలో కలుపు తీసే పనిలో చేరినాడు. అతని వృక్ష పరిజ్ఞానాన్ని గుర్తించిన సార్జెంట్ గ్రంథసూచిక రూపకల్పనకు నియమించగా, ఆ కృషి బ్రాడ్లీ బిబ్లియోగ్రఫీగా వెలువడినది. సాగులో ఉన్న వృక్షాలు, పొదలపై 1927లో ప్రచురితమైన ఆయన గ్రంథం తరతరాల విద్యార్థులకు ప్రామాణికమైనది. చైనా నుండి విత్తనాలు తెచ్చిన ఎర్నెస్ట్ విల్సన్ కూడా ఇంగ్లండులో తోట శిక్షణార్థిగా జీవితం మొదలుపెట్టినవాడే. అయితే గుర్తింపు అందరికీ దక్కలేదు. ఎరువు మోసిన, గోతులు తవ్విన, గడ్డి కోసిన వారి పేర్లు ప్రచురిత చరిత్రలో అరుదు.

కొమ్మల కత్తిరింపు: ఒక హెచ్చరిక

ఫ్రెంచి రచయిత డె కార్ కత్తిరింపు గ్రంథం ఆంగ్లానువాదానికి 1881లో సార్జెంట్ పరిచయం వ్రాసినాడు. కొమ్మను కాండానికి సమతలంగా కోసి, గాయానికి తారు పూయవలెనన్నది అందలి సూచన. సుమారు శతాబ్దం తరువాత అలెక్స్ షైగో పరిశోధనలు ఈ పద్ధతిని తప్పుపట్టినవి. కొమ్మ మొదట ఉండే ఉబ్బెత్తు వలయం గాయాన్ని వేరుపరచే రక్షణ కేంద్రమనీ, దానిని కోసివేసినచో కుళ్ళు కాండంలోనికి వ్యాపిస్తుందనీ, పూతలు దీనిని ఆపలేవనీ తేలినది. సలహా ఇచ్చినది గ్రంథం. రంపం పట్టినది కార్మికుడు. ఫలితం అనుభవించినది చెట్టు. కోసిన గాయాలను ఏటేటా దగ్గరగా చూసేవారి పరిశీలనను నమోదు చేసే ఏర్పాటు ఉన్నచో, ఇట్టి లోపం మరింత త్వరగా బయటపడే అవకాశం ఉంటుంది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. జెర్మ్‌ప్లాజం, తల్లి చెట్ల నమోదు పుస్తకంలో సేకరణ సంఖ్యతో పాటు విత్తిన, అంటు కట్టిన వ్యక్తి పేరు కూడా వ్రాయవలెను. వైఫల్యానికి కారణం వెదకుటకు ఇది ఉపకరిస్తుంది.

2. విత్తన సుప్తావస్థ కాలాన్ని తొట్టి ఫలకంపైనే వ్రాసి, ఆ గడువు వరకు దానిని తొలగించరాదని క్షేత్ర సిబ్బందికి కారణంతో సహా వివరించవలెను.

3. కత్తిరింపు, మందుల పిచికారీ వంటి సిఫారసులను అమలుచేసేవారి నుండి ఏడాదికి ఒకసారైనా వారి పరిశీలనలను మౌఖికంగా సేకరించి నమోదు చేయవలెను.

4. దీర్ఘకాల అనుభవం గల కార్మికుడు విరమించుటకు ముందే కొత్తవారిని అతని వెంట పనిలో ఉంచవలెను.

ముగింపు

నేడు 281 ఎకరాలలో విస్తరించిన ఆర్నాల్డ్ ఆర్బోరేటం, డాసన్ మొలకెత్తించిన తరం నుండి నిరంతరంగా సాగిన సంరక్షణ ఫలితం. చెట్టు ఆయుర్దాయం ఉద్యోగి సేవాకాలం కన్నా ఎక్కువ. కాబట్టి ఒకరి చేతి నుండి మరొకరి చేతికి జ్ఞానం అందే ఏర్పాటు లేని చోట చెట్లు మిగిలినా, వాటి చరిత్ర మిగలదు. మన పరిశోధన క్షేత్రాలలో మామిడి, చింత, జీడిమామిడి తల్లి చెట్లకు కూడా ఈ సూత్రం వర్తిస్తుంది.