చెరువు పచ్చబడితే

వరంగల్‌కు దగ్గరలో ఒక ఊరు. ఊరి పక్కన చెరువు. ఊళ్లోని ముదిరాజుల కుటుంబాలకు ఆ చెరువే ఆధారం. వాళ్లకు చేపల సంఘం ఉంది. తలా కొంత డబ్బు వేసుకుని చేపపిల్లలు కొన్నారు. చెరువులో వదిలారు. బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ. ఎండాకాలంలో వలలు వేసి పట్టాలి. ఆ డబ్బుతోనే అప్పు తీరాలి. పిల్లల ఫీజులు కట్టాలి.

వినాయక చవితి దాటింది. ముందు పెద్ద వానలు పడ్డాయి. తర్వాత పది రోజులు ఎండ కాసింది. చెరువు నీళ్లు పచ్చబడ్డాయి. ఆ తర్వాత మూడు రోజులు మబ్బు పట్టింది. గాలి లేదు. ఆకు కదలలేదు.

నాలుగో రోజు తెల్లవారుజామున సంఘం పెద్దాయన కట్ట మీదికి పోయాడు. చేపలన్నీ పైకి వచ్చి ఉన్నాయి. నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. కొన్ని ఒడ్డున తూలుతున్నాయి. పెద్ద బొచ్చెలు నాలుగైదు తెల్లగా తేలాయి.

కేక వేశాడు. ఊరు కదిలింది.

"చేపలకు రోగమొచ్చింది" అన్నాడు ఒకాయన.

"రోగం కాదు. పాచి ఎక్కువైంది. పాచిని చంపితే సరిపాయె" అన్నాడు ఒక పిల్లగాడు. బండి మీద పోయి దుకాణం తెరిపించాడు. మైలుతుత్తం సంచి తెచ్చాడు.

పెద్దాయన కోడలు కూడా అక్కడికి వచ్చింది. ఆమె పెళ్లయ్యాక రాత్రిబడిలో చదువు నేర్చింది. సంచి మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"మామా, జర ఆగుండ్రి. ఇది విషమని రాసి ఉన్నది. చేపలకు ప్రమాదమని గూడ ఉన్నది" అంది.

పిల్లగాడు నవ్వాడు. "వదినా, పంటల మీద కొడుతలేమా? పాచి చస్తే చేపలు బతుకుతయి."

పెద్దాయన సంచి మీద చెయ్యి పెట్టాడు. "అందరి సొమ్ము ఈ నీళ్లల్ల ఉన్నది. తెలువకుండ పోసుడు వద్దు. మత్స్యశాఖ సారుకు ఫోన్ చెయ్యి బిడ్డా" అన్నాడు.

ఆఫీసరు ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు. "సంచి విప్పకండి. ముందు మోటార్లు పెట్టండి. చెరువు నీళ్లే ఎత్తి, పైనుంచి చెరువులోకే పొయ్యండి. నేను వస్తున్నా."

ఎవరి మోటారు వాళ్లు తెచ్చారు. నీళ్లు ఎగజిమ్మి చెరువులో పడ్డాయి. కొందరు తెప్పలు వేసుకుని తెడ్లతో నీళ్లు కొట్టారు. ఎండ వచ్చింది. పొద్దెక్కేసరికి చేపలు ఒక్కొక్కటే లోపలికి దిగాయి. కొన్ని చచ్చిపోయాయి. చాలా చేపలు బతికాయి.

ఆ రోజు ఆఫీసరు కట్ట మీద కూర్చుని చెప్పిన సంగతులే ఈ పాఠం.

పాచి అంటే ఏమిటి?

పాచి కూడా మొక్కే అనుకోవచ్చు. దానికి వేరు లేదు. పువ్వు లేదు. నీళ్లు, ఎండ, ఎరువు ఉంటే చాలు, పెరుగుతుంది.

పాచి అంతా ఒక తీరుగా ఉండదు. కొన్ని రకాలు కంటికి కనిపించవు. అవి కోట్ల కొద్దీ చేరితే నీళ్లే పచ్చగా కనిపిస్తాయి. ఇంకో రకం దారాల్లాగా, జుట్టులాగా పెరుగుతుంది. దాన్ని నాచు అంటాం. మూడో రకం నీళ్ల మీద మీగడలా కడుతుంది. పచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు ఉంటుంది. వాసన వస్తుంది.

ఒక కర్ర తీసుకుని నీళ్లలో తిప్పండి. కర్రకు దారాలు చుట్టుకుంటే అది నాచు. రంగు పూసినట్టు అంటుకుంటే అది మీగడ పాచి కావచ్చు. ఈ మీగడ పాచిలో కొన్ని రకాలు విషం విడుస్తాయి. ఆ నీళ్లు తాగి పశువులు చచ్చిపోయిన సంగతులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. నీళ్లు మరగబెట్టినా ఆ విషం పోదు. అలాంటి చోట పశువులను తాగనియ్యవద్దు. పిల్లలను ఈతకు దిగనియ్యవద్దు.

అయితే పాచి అసలే లేకున్నా కష్టమే. లేత పచ్చని నీళ్లు చేపలకు మేలు. పాచిని సన్నటి పురుగులు తింటాయి. ఆ పురుగులను బొచ్చె తింటుంది. పాచి హద్దులో ఉంటే చేపకు తిండి. హద్దు దాటితే చేపకు చావు.

తెల్లవారుజామునే ఎందుకు చస్తాయి?

మనకు గాలి ఎలాగో చేపకు నీళ్లలో కరిగిన ప్రాణవాయువు అలాగ. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే చేప హాయిగా ఉంటుంది. 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే తల్లడిల్లుతుంది. నీళ్లు వేడెక్కిన కొద్దీ వాటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుస్తుంది.

పగలు ఎండలో పాచి ప్రాణవాయువు తయారు చేస్తుంది. రాత్రి ఎండ ఉండదు. అప్పుడు పాచి కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది. చేపా వాడుకుంటుంది, పాచీ వాడుకుంటుంది. రాత్రంతా ఖర్చే తప్ప రాబడి లేదు. అందుకే తెల్లవారేసరికి ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. మబ్బు రోజుల్లో పగటి రాబడి కూడా తగ్గుతుంది. గాలి లేకపోతే అలలు లేవు. అలలు లేకపోతే పై గాలి నీళ్లలో కలవదు. ఆ ఊరి చెరువులో జరిగింది ఇదే.

మరి మైలుతుత్తం పోస్తే ఏమయ్యేది? పాచి ఒక్కసారిగా చచ్చేది. చచ్చిన పాచి కుళ్లుతుంది. కుళ్లడానికి ఇంకా ప్రాణవాయువు కావాలి. ఉన్న కొంచెం కూడా పోయేది. పైగా మైలుతుత్తంలో రాగి ఉంటుంది. అది ఎక్కువైతే చేపకే విషం. రాగి కుళ్లిపోదు, అడుగు బురదలో ఉండిపోతుంది. నీళ్ల గుణం పరీక్షించి, లెక్క కట్టి, తెలిసినవాళ్లు వాడే మందు అది. సంచి విప్పి గుమ్మరించేది కాదు.

చేయి పెట్టి చూడండి

చెరువు పచ్చన ఎంతో కొలవడానికి మిషన్ అక్కరలేదు. మన చేయి చాలు. ఎండ ఉన్నప్పుడు చేయి నీళ్లలో నిలువుగా దించండి. అరచేయి పైకి కనిపించేలా మడిచి ఉంచండి.

జానెడు లోతులోనే అరచేయి మాయమైతే పాచి ఎక్కువైనట్టు. జాగ్రత్త పడాలి.

మోచేయి మునిగే దాకా కనిపిస్తే నీళ్లు బాగున్నట్టు.

భుజం దాకా దించినా బాగా కనిపిస్తే చేపలకు తిండి తక్కువైనట్టు.

బురద నీళ్లకు ఈ పరీక్ష పనికిరాదు.

పాచికి తిండి ఎవరు పెడుతున్నారు?

కెనడా దేశంలో ఒక చిన్న సరస్సు ఉంది. 226 అన్న నంబరే దానికి పేరు. 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆ సరస్సు నడుమ తెర కట్టారు. సరస్సు రెండు సగాలైంది. ఒక సగంలో చక్కెర, నత్రజని కలిపారు. రెండో సగంలో ఆ రెండింటితో పాటు భాస్వరం కూడా కలిపారు. కొద్ది వారాల్లో భాస్వరం కలిపిన సగం పచ్చబడింది. రెండో పక్క పచ్చబడలేదు. పైనుంచి తీసిన ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. బట్టల సబ్బు పొడుల్లో భాస్వరం తగ్గించాలన్న మాటకు దానితో బలం వచ్చింది.

మన చెరువులోకి భాస్వరం, నత్రజని ఎక్కడినుంచి వస్తాయి? పెంటకుప్పల మీద పడిన వాన నీటితో వస్తాయి. ఊరి మోరీల నీళ్లతో వస్తాయి. చెరువు పైన ఉన్న పొలాల నుంచి కొట్టుకొస్తాయి. చేపలు తినక మిగిలిన తవుడు, చెక్కతో వస్తాయి.

డి.ఎ.పి. సంచి మీద 18-46 అని రాసి ఉంటుంది. 100 కిలోలకు 18 కిలోల నత్రజని, 46 కిలోల భాస్వరం లెక్క. అంటే 50 కిలోల సంచిలో 9 కిలోలు, 23 కిలోలు. వాన ముందర ఆ ఎరువు చల్లితే కొంత చెరువు పాలవుతుంది. రైతు డబ్బు పోతుంది. చెరువులో పాచి పెరుగుతుంది. ఒకే తప్పుకు ఇద్దరికి నష్టం.

పూడిక తీయడం ఎందుకు?

వరంగల్ సీమ చెరువుల సీమ. కాకతీయ గణపతిదేవుడు 1199 నుంచి 1262 దాకా రాజ్యం చేశాడు. పాకాల, రామప్ప చెరువులు ఆయన కాలంవే. ఆ రోజుల నుంచి చెరువు మట్టిని పొలాలకు తోలుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటులో ఎంతో తెలివి ఉంది. పైనుంచి వచ్చిన ఎరువు చెరువు అడుగున బురదలో చేరుతుంది. ఎండాకాలంలో ఆ బురద నుంచే మళ్లీ నీళ్లలోకి వస్తుంది. బురద పొలానికి తోలితే పొలానికి బలం, పాచికి పస్తు.

2015లో మిషన్ కాకతీయ కింద ఎన్నో చెరువుల్లో పూడిక తీశారు. రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. వరంగల్ పట్నం నడుమ ఉన్న భద్రకాళి చెరువులో గుర్రపు డెక్క అల్లుకునేది. మురికినీళ్ల బెడదా ఉండేది. 2024 నవంబరులో పూడిక తీయడానికి ఆ చెరువు నీళ్లు బయటికి వదిలారు. గుర్రపు డెక్క పాచి కాదు, కానీ దాని తిండి కూడా అదే.

గాజు తొట్టిలోనూ ఇదే న్యాయం

పట్నంలో కొందరు గాజు తొట్టిలో ఉప్పునీళ్లు పోసి సముద్రపు చేపలు పెంచుతారు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ప్రత్యేకమైన ఉప్పు కలుపుతారు. ఆ తొట్టి గోడలకూ పాచి పడుతుంది. తెలిసినవాళ్లు అక్కడ కూడా మందు వెంటనే పొయ్యరు. చేపలు రెండు నిమిషాల్లో తినేంత మేతే వేస్తారు. దీపం కొన్ని గంటలే వెలిగిస్తారు. కిటికీ ఎండ పడనియ్యరు. వారానికో రెండు వారాలకో కొంత నీరు తీసి, శుద్ధి చేసిన నీటితో కలిపిన కొత్త ఉప్పునీరు పోస్తారు. పాచిని తినే నత్తలను వదులుతారు. తొట్టి అయినా చెరువు అయినా పాచి తిండి తగ్గించడమే అసలు వైద్యం.

మనం చేయవలసిన పనులు

చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తే మేత, పేడ వేయడం వెంటనే ఆపండి. నీళ్లు ఎత్తి పైనుంచి పొయ్యండి. బోరు నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. వాటిని కూడా ఎత్తు నుంచి పడేలా వదలండి.

నాచును చేతులతో, వలలతో తీయండి. ఒకే రోజు అంతా తీయనక్కరలేదు. తీసిన నాచును కట్ట మీద వదలవద్దు. వానకు మళ్లీ చెరువులో పడుతుంది. దూరంగా ఎరువు గుంతలో వేయండి.

పెంటకుప్పలు చెరువు దారిలో పెట్టవద్దు. మోరీ నీళ్లు నేరుగా చెరువులో కలవకుండా ఊరంతా కలిసి చూడాలి. మేతను చిల్లుల సంచుల్లో పెట్టి నీళ్లలో వేలాడదీయండి. మిగిలితే మరునాడు తగ్గించండి.

గడ్డిచేప నీటి కలుపును తింటుంది. వెండిచేప పచ్చనీటి పాచిని తింటుంది. ఏ చేప ఎన్ని వదలాలో మత్స్యశాఖ వాళ్లను అడగండి.

తర్వాత ఏమైంది?

మైలుతుత్తం సంచి విప్పకుండానే దుకాణానికి తిరిగి పోయింది. పిల్లగాడే తీసుకుపోయాడు. చెరువు దారిలో ఉన్న పెంటకుప్పలు జరపాలని గ్రామసభలో సంఘం అడిగింది. ఇద్దరు ముగ్గురు గొణిగారు. "మా జాగల మేము ఏసుకుంటం" అన్నారు. పెద్దాయన కోపం చేయలేదు. చచ్చిన చేపల లెక్క చదవమని కోడలికి చెప్పాడు. ఆమె పుస్తకం తెరిచి చదివింది. సభలో మాట లేదు. కుప్పలు జరిగాయి.

ఆ పుస్తకం ఇప్పుడూ ఆమె దగ్గరే ఉంది. రెండు రోజులకు ఒకసారి చెరువులో చేయి దించి చూస్తుంది. ఇంటికి వచ్చి రాస్తుంది. మొదటి పేజీలో "జానెడు" అని ఉంది. రెండు పేజీల తర్వాత "జానెడు, నాలుగు వేళ్లు" అని ఉంది. దీపావళి నాటి పేజీలో "మోచేయి దాకా" అని ఉంది.

కొత్త మాటలు

ప్రాణవాయువు – బతకడానికి పీల్చే గాలి, ఆక్సిజన్
భాస్వరం, నత్రజని – మొక్కలకు బలమిచ్చే ఎరువులు
పూడిక – చెరువు అడుగున చేరిన మట్టి, బురద
మైలుతుత్తం – రాగి ఉన్న నీలం రంగు మందు

చెప్పండి

1. చేపలు తెల్లవారుజామునే ఎందుకు పైకి వచ్చాయి?
2. మైలుతుత్తం పోసి ఉంటే ఏమయ్యేది?
3. మీ ఊరి చెరువులోకి మోరీ నీళ్లు ఏ దారిన వస్తున్నాయి?

లెక్క చేయండి

ఒక రైతు 3 సంచుల డి.ఎ.పి. చల్లాడు. ఒక్కో సంచి 50 కిలోలు. మొత్తం నత్రజని ఎన్ని కిలోలు? భాస్వరం లెక్క ఎన్ని కిలోలు?

చేసి చూడండి

మీ చెరువులో లేదా కుంటలో చేయి దించి చూడండి. ఏ లోతులో అరచేయి మాయమైందో తేదీ వేసి రాయండి. పది రోజుల తర్వాత మళ్లీ చూసి రాయండి.