కవ్వాల్ పులుల ఫొటోలు: వేగమా, మెమరీయా?

నేపథ్యం

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని కవ్వాల్‌కు 2012లో టైగర్ రిజర్వ్ హోదా దక్కింది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల్లోకి పులులు వచ్చిపోతుంటాయి. అవి మనిషి కంట పడటం అరుదు కాబట్టి భారమంతా చెట్లకు కట్టిన కెమెరా ట్రాప్‌ల మీదే. ఎదుట ఒంటివేడి ఉన్నదేదైనా కదిలితే కెమెరా క్లిక్‌మంటుంది. ఏ పులో తేల్చేది చారలే; పులికి ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్క చారలు వేరు. అందుకే దారికి అటొకటి, ఇటొకటి పెడతారు.

2018 దేశవ్యాప్త గణనలో 26,838 చోట్ల పెట్టిన కెమెరాలు 3,48,58,623 ఫొటోలు తీశాయి. పులి ఉన్నవి 76,651. అంటే వెయ్యికి రెండు చిల్లర! గిన్నిస్ రికార్డుకెక్కిన సర్వే కాబట్టి పోటీ పరీక్షల జనరల్ స్టడీస్‌లో అడగొచ్చు. కోడ్ రాసేవాళ్లకు మాత్రం ఆ ‘వెయ్యికి రెండు’ ముఖ్యం.

ఫైల్ సైజు చూసి మోసపోవద్దు

డిస్క్‌లో నాలుగు ఎంబీ ఉన్న జేపీఈజీ ఫొటో ర్యామ్‌లోనూ అంతే ఉంటుందనుకోవడం పరిపాటి. జేపీఈజీ అంటే కుదించిన రూపం. తెరిస్తే ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి మూడు బైట్లు కావాలి. ఫొటో 4000 × 3000 పిక్సెల్‌లది అనుకుంటే:

4000 × 3000 × 3 = 3,60,00,000 బైట్లు, అంటే 36 ఎంబీ.

వెయ్యి ఫొటోలను ఒకే లిస్టులో నింపితే 36 జీబీ. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌లోని పేజీలను డిస్క్‌కూ, డిస్క్‌లోవి ర్యామ్‌కూ మార్చడంలోనే మునిగిపోతుంది. వేగం కోసం అన్నీ ముందే లోడ్ చేస్తే చివరికి పోయేది ఆ వేగమే.

ఒక్కొక్కటిగానా, గుంపుగానా?

పైథాన్‌లో జనరేటర్ రాస్తే ఒక ఫొటో పనయ్యాకే ఇంకోటి వస్తుంది. మెమరీ భద్రం. కానీ డిస్క్ చదువుతున్నంతసేపు ప్రాసెసర్, ప్రాసెసర్ పనిచేస్తున్నంతసేపు డిస్క్ ఖాళీగా కూర్చుంటాయి. మధ్యేమార్గం పరిమితి ఉన్న క్యూ: ఒక థ్రెడ్ ఫొటోలు తెచ్చి పెడుతుంది, ఇంకోటి తీసుకుంటుంది, క్యూ నిండితే తెచ్చేది ఆగుతుంది. క్యూకు పరిమితి పెట్టకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అన్నిటినీ చిన్నగా, కొన్నిటినీ పెద్దగా

అసలు కిటుకు ఇక్కడుంది. పశువా, పులా అని తేల్చడానికి 36 ఎంబీ అక్కర్లేదు. జేపీఈజీని తెరిచేటప్పుడే సగానికో, నాలుగో వంతుకో, ఎనిమిదో వంతుకో తగ్గించి తెరవొచ్చు. పైథాన్ లైబ్రరీ పిల్లోలో డ్రాఫ్ట్, ఓపెన్ సీవీలో రెడ్యూస్డ్ రకం ఫ్లాగ్‌లు ఇందుకే. నాలుగో వంతుకు తగ్గిస్తే పొడవూ వెడల్పూ రెండూ తగ్గి మెమరీ 16వ వంతుకు, అంటే 2.25 ఎంబీకి దిగుతుంది. ఎనిమిదో వంతైతే 0.56 ఎంబీయే. అయితే రాత్రిపూట దూరంగా నడిచే పులి అందులో మచ్చలా మిగిలిపోవచ్చు. నా ఓటు నాలుగో వంతుకే.

పులి అని అనుమానం వచ్చినవాటినే పూర్తి సైజులో మళ్లీ తెరిచి చారలు పోల్చాలి. ఆ కొద్ది ఫొటోలను రెండుసార్లు తెరవడం వృథా కాదు. దాచుకోవడం కంటే మళ్లీ చేసుకోవడమే చవక. సిలబస్‌లోని ‘టైమ్–స్పేస్ ట్రేడాఫ్’కు ఇదే చక్కని ఉదాహరణ. జాతీయ గణనలోనూ జంతువుల వారీగా వేరుచేసే క్యాట్‌రాట్, చారలు పోల్చే ఎక్స్‌ట్రాక్ట్‌కంపేర్ వేర్వేరు సాఫ్ట్‌వేర్లు.

ఇలా అడగొచ్చు

ప్రశ్న: ఫొటోలకు కేటాయించిన ర్యామ్ 4 జీబీ. 36 ఎంబీ ఫొటోను 32 బిట్ల ఫ్లోట్‌గా మార్చాలి, అసలు కాపీనీ ఉంచాలి. నాలుగు ప్రాసెస్‌లు నడిస్తే ఒక్కోదానికి బ్యాచ్ ఎంత?

జవాబు: ఫ్లోట్‌కు నాలుగింతలు, 144 ఎంబీ. అసలుతో కలిపి 180. 4,000 ÷ 180 = 22 చిల్లర. ప్రాసెస్‌లు మెమరీ పంచుకోవు కాబట్టి ఆ 22ను నాలుగుతో భాగించాలి. బ్యాచ్ 5.