'అట' అనగలగడం

పాలంపేటలో రామప్ప గుడి ముందు చెప్పులు విడిచే చోట నా పని మొదలవుతుంది. హనుమకొండ నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చిన ఎనిమిది మంది, మహా అయితే పది మంది. అంతకు మించితే ఒప్పుకోను. వెనకున్నవాళ్లకు వినపడదు, వినపడనివాళ్లు ఫోన్లు తీస్తారు, ఇక నేను అరవాలి. గుడిలో అరిచేవాడి మాట ఎవరికి రుచిస్తుంది?

గైడుగా మొదటి రెండేళ్లు అరవలేదు గానీ అంతకన్నా పెద్ద తప్పే చేశాను. అన్నీ తెలిసినవాడిలా మాట్లాడాను. "శిల్పి పేరుతో పిలిచే గుడి ప్రపంచంలో ఇదొక్కటే, నలభై ఏళ్లు కట్టారు, ఇటుక నీళ్లలో వేస్తే తేలుతుంది" అంటూ ఊపిరి తీసుకోకుండా ఒకటే వరస. చప్పట్లు పడేవి, టిప్పులూ పడేవి.

ఒకరోజు గ్రూపులో ఒక రిటైర్డు టీచరమ్మ ఉన్నారు. అంతా విని, నెమ్మదిగా, "ఈ శాసనంలో రామప్ప పేరు ఎక్కడుంది బాబూ?" అన్నారు. ఆవరణలోని ఆ శాసనస్తంభం పక్క నుంచే రోజుకు నాలుగుసార్లు నడుస్తాను. ఆ లిపి నాకు ఒక్క ముక్క రాదు. "కింది వరసల్లో ఉంటుంది మేడమ్" అనేశాను. ఆమె మాట పెంచలేదు. సంచిలోంచి సీసా తీసి నీళ్లు తాగి, "సరే" అన్నారు. ఆ 'సరే' ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు.

ఆ వారమే చరిత్ర చెప్పే ఒక లెక్చరర్ ఇంటికి వెళ్లి కూర్చున్నాను. శాసనం చెప్పే సంగతి వేరే. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడు. దేవుడు రుద్రేశ్వరుడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించినప్పుడు కూడా ముందు రుద్రేశ్వరుడి పేరే రాసి, రామప్పను పక్కన చేర్చింది. శిల్పి రామప్ప మాత్రం జనం నోట బతికినవాడు. నలభై ఏళ్లన్నదీ అంచనాయే.

నాకు మొదట భయం వేసింది. ఇవన్నీ తీసేస్తే నా దగ్గర చెప్పడానికి ఏం మిగులుతుంది?

తీసేయక్కర్లేదని తర్వాత తెలిసింది. మన భాషలోనే దానికి మందుంది. తెలుగులో వాక్యం బరువంతా చివర పడుతుంది. "రుద్రుడు కట్టించాడు" అంటే శాసనం సాక్ష్యం. "రామప్ప చెక్కాడట" అంటే ఊరి మాట. "ఇక్కడ నాట్యం జరిగి ఉంటుందనుకుంటాను" అంటే నా ఊహ. చిన్న 'అట' చేర్చినందుకు కథ రుచి ఏమీ తగ్గలేదు. పైగా "మరి ఎవరంటారట? ఎందుకంటారట?" అని వాళ్లే దగ్గరికి జరిగేవారు. అంతకుముందు చప్పట్లు కొట్టేవారు గానీ ప్రశ్న అడిగేవారు కాదు.

ఊహ తక్కువదేమీ కాదు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు జాయప సేనాని రాసిన 'నృత్తరత్నావళి'నీ ఇక్కడి శిల్పాలనూ ముందు పెట్టుకుని పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాయిలో ఉండేది భంగిమే. ఒక భంగిమ నుంచి ఇంకో భంగిమకు వెళ్లే కదలిక రాతిలో ఎక్కడ దొరుకుతుంది? అది మనిషి ఊహించుకోవాల్సిందే.

ఈ అలవాటు గుడి దగ్గరే ఆగిపోతుందనుకున్నాను. ఇంటికీ వచ్చింది. పెళ్లిలో మా బావ నన్ను తక్కువ చేసి మాట్లాడాడని మా చెల్లె చెబితే, ఇదివరకైతే "బావ అట్లన్నాడు" అని నలుగురికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు "అన్నాడట" దగ్గర నాలుక ఆగింది. నేను వినలేదు కదా! ఫోన్ చేసి అడిగితే, అతనన్నది నన్ను కాదు, కారు డ్రైవర్ని. ఏడాది మాటలు మానుకోవాల్సినంత కోపం అక్కడితో చల్లారింది.

ఇంకొకటి నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. చూపించేటప్పుడు నోరు మూసుకోవడం. లోపలి నల్లరాతి స్తంభాల మీద టార్చి ఎదురుగా వేస్తే బొమ్మలన్నీ చదునుగా, చచ్చినట్టు కనిపిస్తాయి. దాన్ని పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించి పట్టాలి. అప్పుడు నీడలు లేస్తాయి, నడుం వంపూ నగల పూసలూ బయటికొస్తాయి. ఆ క్షణంలో నేను మాట్లాడితే అందరూ నా వైపు చూస్తారు. మాట్లాడకపోతే రాతి వైపు చూస్తారు. బయట చూరు కింది మదనికల బొమ్మల దగ్గరా అంతే. "ఆమె కాళ్లకేముందో చూడండి" అని ఊరుకుంటాను. ఎవరో ఒకరు "అరె, హైహీల్స్!" అని అరుస్తారు. నేను చెబితే వచ్చే ఆశ్చర్యానికి అందులో సగం విలువ కూడా ఉండదు.

మొన్న ఒక పిల్లాడు నా చొక్కా పట్టుకుని లాగాడు. "అంకుల్, ఇటుక తేలడం మీరు చూసిన్రా?"

"లేదు బిడ్డా. బోలుబోలుగా, తేలిగ్గా ఉండే ఇటుకలే. నీళ్లల్ల వేస్తే తేలుతయట. నేనైతే వేసి చూడలే."

"ఇన్నేండ్లసంది ఈడనే ఉన్నరు గదా?"

వాళ్లమ్మ వాడి నోరు మూయబోయింది. నేను శిఖరం చూపించాను. "అవన్నీ ఆ పైన ఉన్నయి. ఒక్కటి తీసినా ఊరు ఊరంతా మన మీద పడ్తది."

వాడు తల వెనక్కి వాల్చి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, పై వరస నుంచి ఇటుకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మిగతావాళ్లను నంది దగ్గర కూర్చోమన్నాను. వాడి లెక్క అయ్యేదాకా ఆగాం.