సిమెంటు లేని పెరటి ఇటుకపొయ్యి

కొన్ని సంవత్సరముల క్రిందట నాతవరమునకు సమీపమున ఒక సభ్యుని పెరటిలో, రొట్టెలు దుంపలు కాల్చుకొనుటకు మేము దగ్గరనుండి ఒక పొయ్యి కట్టించితిమి. బలముగా నుండునను తలంపుతో ఇటుకల నడుమ సిమెంటు పెట్టించినవారము మేమే. రెండవసారి మంట పెట్టిననాడు పైకప్పు అడ్డముగా చీలినది. నాలుగవసారి రెండు ఇటుకలు రొట్టెలమీద పడినవి. ఆ సభ్యుడు మమ్ము నిందింపలేదు. "సిమెంటు డబ్బులు అప్పు తెచ్చినాను బాబూ. ఇటుకలైనా దక్కుతాయా?" అని మాత్రము అడిగెను. విడదీయబోగా సిమెంటు పట్టిన ఇటుకలలో సగము పగిలిపోయినవి. ఈ పాఠము వ్రాయుటకు ఆ ప్రశ్నయే కారణము.

బండిచక్రమునకు పట్టా వేయు విధమును మీరందరు చూచియే యుందురు. కమ్మరి పట్టాను కాల్చగా నది సాగి చక్రముపై సులువుగా దిగును. నీళ్ళు పోయగానే ముడుచుకొని బిగియును. ఇటుక ఇనుమంత సాగదు గాని కొంత సాగుట తప్పదు. పొయ్యి గోడకు లోపలి ముఖము మిక్కిలి కాగును, వెలుపలి ముఖము అంత కాగదు. సిమెంటు ఈ రెంటిని కదలనీయక పట్టుకొన్నయెడల గోడ చీలక మానదు. అదియు గాక 400, 500 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో సిమెంటునందలి సున్నపు భాగము తన నీటిని కోల్పోయి పొడిపొడియగును. ఇటుక యన్ననో, బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాలి వచ్చినది. కావున ఇటుకలను ఏమియు పెట్టక పేర్చినచో, ప్రతి సందును కదలికకు చోటగును. మన బెల్లపు పొయ్యిలు మట్టితో మెత్తినవే కదా యని మీరనవచ్చును. నిజమే, కాని వాటిని ఏటేట తిరిగి మెత్తుచున్నారు. పేర్చిన పొయ్యికి ఆ శ్రమ లేదు, విప్పి వేరొకచోట పెట్టుకొనవచ్చును. పరుల స్థలమున నున్న కౌలుదారునకు ఇది చిన్న లాభము కాదు.

ఇటుక యనగా ఇక్కడ కాల్చిన మట్టి ఇటుకయే. బొగ్గు మండించు పరవాడ సింహాద్రి విద్యుత్కేంద్రము 2002లో పని మొదలిడినది. అట్టి కేంద్రముల బూడిదతో చేసిన ఇటుకలు ఇప్పుడు విరివిగా దొరకుచున్నవి. ఇంటిగోడలకు అవి మంచివే. కాని నిప్పులో కాలినవి కావు, సిమెంటుతోనో సున్నముతోనో గట్టిపడినవి. మంటకు పనికిరావు. తాండవ నదిలోని గుండ్రాళ్ళను అసలే వాడరాదు: లోపల నిలిచిన తేమ ఆవిరియై రాయి ప్రేలి కండ్లలో పడగలదు. రెండు ఇటుకలను ఒకదానితో నొకటి కొట్టి చూడుడు. ఖంగుమనినది మంచిది.

9 అంగుళముల పొడవు, 4½ వెడల్పు, 3 మందము గల ఇటుకలు సుమారు 230 కావలెను. ఇల్లు కట్టగా మిగిలినవైన సరే. నేలను చదునుచేసి, దిమ్మిస వేసి, మూడంగుళముల ఇసుక పఱచి, దానిపై 36 అంగుళముల చదరముగా రెండు వరుసల ఇటుకలు పేర్చవలెను. తరువాత కుడి, ఎడమ, వెనుక వైపుల 9 అంగుళముల మందమున నాలుగు వరుసల గోడ లేపవలెను. సందుమీద సందు రాకూడదు. నిలువు సందులు ఒకే గీతలో పడినచో గోడ అక్కడ విచ్చును. ముందువైపున ఇరుప్రక్కల ఒక్కొక్క ఇటుకను లోనికి పొడవుగా పెట్టి మూడు వరుసలు పేర్చిన, నడుమ 9 అంగుళముల నోరు మిగులును. నోటిపై రెండు ఇనుపపట్టీలు వేసి నాలుగవ వరుస ముగింపవలెను. నోరు లోకప్పుకంటె ఒక వరుస క్రిందుగా నుండుటచే వేడిగాలి పైన నిలుచును.

లోపల 18 అంగుళముల చదరపు గది యేర్పడును. దీనిపై 26 అంగుళముల పట్టీలు అయిదింటిని నాలుగున్నర అంగుళముల కొకటి చొప్పున అడ్డముగా పెట్టి, పైన రెండు వరుసల ఇటుకలు పఱచవలెను. అయిదడుగుల పాత బండిచక్రపు పట్టా ఒకటి, కమ్మరిచే సాపుచేయించి నఱికించినచో, ఈ పట్టీలన్నిటికి చాలి మిగులును. కప్పుపై ఇసుక పోయకుడు. సందులనుండి రొట్టెమీద రాలును. జింకు పూసిన రేకును లోపల వాడకుడు. మిక్కిలి కాగినపుడు దాని పొగ రోగము తెచ్చును.

మొదటి మూడు దినములు పిడికెడు పుల్లలతో చిన్నమంటలే పెట్టి చెమ్మ ఆర్పవలెను. పిమ్మట సరుగుడు కట్టెలతో గంట, గంటన్నర మండించి, నిప్పులను లాగివేసి, కఱ్ఱకు చుట్టిన తడిగుడ్డతో అడుగు తుడిచి, వస్తువులను పెట్టి నోటిని ఇటుకలతో మూయవలెను. చెరకు పిప్పి భగ్గున మండును గాని నిప్పు నిలుపదు. వేడిమి తెలియుటకు చిటికెడు పిండి చల్లుడు: వెంటనే నల్లబడినచో కొంత ఆగవలెను, మెల్లగా ఎఱ్ఱబడినచో రొట్టెకు తగును. రొట్టెలు తీసిన తరువాతి వేడిమిలో చిలగడదుంపలు పెట్టుట మాకు అలవాటు. జీడిగింజలను మాత్రము పిక్కతో ఇందులో కాల్చవలదు. వాని జీడినూనె చర్మమును పొక్కించును, పొగయు కండ్లకు హాని.

తాటాకు పాకకును గడ్డికుప్పకును 20 అడుగుల లోపల ఈ పొయ్యి పెట్టరాదు. నోరు ఎదురుగాలికి ఉండరాదు. వేసవి మధ్యాహ్నములందు గాలి రేగినపుడు మంట పెట్టవద్దు. లాగిన నిప్పులను నీళ్ళు పోసి పూర్తిగా చల్లార్చిన పిదపనే కదలవలెను. బూడిదక్రింద దాగిన నిప్పు మరునాటి ఉదయమునకు సైతము ఉండగలదు. దండెముమీది బట్టలను ఆడువారు ముందే తీసివేయుట మంచిది.

వానకాలము ముందు కప్పు విప్పి, పట్టీలకు నూనె రాచి, ఇంటిలో దాచవలెను. తడిసిన ఇటుకలకు మరల చిన్నమంటలతోనే ప్రారంభము. పైన చెప్పిన సభ్యునికి దక్కిన సగము ఇటుకలకు తోడు, పాత గోడవి మరికొన్ని చేర్చి, మరుసటి సంవత్సరము మేమే వచ్చి ఈ రీతిగా పేర్చితిమి. పశువులశాల కొఱకు ఆయన దానిని ఒకమారు విప్పి పెరటి రెండవమూలకు మార్చెను. పగిలినవి మూడే.