నాగారం నుంచి మునిగిన ఓడ దాకా: మొదటి స్కూబా డైవ్ ఎలా?

మునిగిన ఓడ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఘాజీ. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ దగ్గర మునిగిన ఈ పాకిస్థాన్ జలాంతర్గామి సుమారు 100 మీటర్ల లోతున ఉంది. అది మనం దిగే లోతు కాదు, పైగా నావికుల సమాధి. కొత్తవాళ్లకు తగినది శ్రీకాకుళం జిల్లా బారువ తీరానికి చేరువలో, తక్కువ లోతులో ఉన్న 'చిల్కా' ఓడ శిథిలం. అక్కడికి వెళ్లడానికి మన చర్లపల్లిలోనో సికింద్రాబాద్‌లోనో రైలెక్కేముందు కొంత పని ఉంది.

కావలసినవి

ఓపెన్ వాటర్ సర్టిఫికెట్. మూడు నాలుగు రోజుల కోర్సు. 18 మీటర్ల వరకు దిగవచ్చు. చేయి పట్టుకుని తిప్పే ఒక్కపూట డైవ్ ఓడకు చాలదు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉంటే ముందు డాక్టర్‌ని అడగాలి. మాస్క్ మాత్రం సొంతంగా కొందాం. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చినప్పుడు ఊడిపడకపోతే అది మీకు సరిపోయినట్టే. మిగతావి అద్దెకు దొరుకుతాయి.

పద్ధతి

1. ఇంటి దగ్గరి ఈత కొలనులో మొదలుపెడదాం. 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. వేగం అక్కర్లేదు.

2. పడవలో సిలిండర్ మీటర్ 200 బార్ చూపుతోందా చూద్దాం. ఆ మీటర్ మీదే కళ్లు పెట్టి రెగ్యులేటర్‌తో నాలుగుసార్లు గాలి పీల్చండి. ముల్లు ఊగితే వాల్వ్ పూర్తిగా తెరవలేదని అర్థం. మాస్క్ లోపల ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు.

3. దిగేటప్పుడు మీటరుకోసారి ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే. నొప్పెడితే ఒక మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నిద్దాం. పక్కవాళ్లు దిగిపోయారని తొందరపడితే కర్ణభేరికే ప్రమాదం.

4. అడుగు తాకకుండా నీటి మధ్యలో నిలబడదాం. అసలు విద్య ఇదే. ఊపిరి తీస్తే కాస్త లేస్తాం, వదిలితే దిగుతాం. ఫిన్స్ ఇసుకను తన్నితే బురద లేచి, ఎదుటి ఓడే కనబడదు.

5. ఓడను బయటి నుంచే చూద్దాం. లోపలికి వెళ్లడానికి వేరే శిక్షణ కావాలి. చిక్కుకున్న చేపల వలలు దూరం నుంచి కనబడవు కాబట్టి నడుముకు చిన్న కత్తి ఉండాలి. తుప్పు ఇనుము, గుల్లలు చెయ్యి కోస్తాయి, పట్టుకోవద్దు.

6. 100 బార్ రాగానే బడ్డీకి (జంటగా దిగిన తోటి డైవర్‌కి) సైగ చేసి వెనక్కి తిరుగుదాం. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకొద్దాం. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగుదాం. పైకి చేరేసరికి 50 బార్ మిగలాలి.

పొరపాట్లు

ఊపిరి బిగబట్టడమే అన్నిటికంటే ప్రమాదం. 10 మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు చిరగవచ్చు. జలుబుతో దిగొద్దు, మాత్ర వేసుకుని అసలే వద్దు, మందు ప్రభావం నీళ్లలోనే తగ్గిపోవచ్చు. గుర్తుగా ఓడ ముక్క తెచ్చుకోవాలనిపిస్తుంది. ఎక్కడిదక్కడే ఉంచండి.

తిరుగు ప్రయాణం విమానంలోనైతే చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగాలి. రైల్లో వెళ్లినా, మన నాగారం కూడా సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది; డైవ్ తర్వాత ఎత్తుకు చేరడం కొంతవరకు విమానం ఎక్కడం లాంటిదే. కాబట్టి ఆ సాయంత్రమే బయల్దేరకుండా, ఎప్పుడు కదలాలో ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాకే టికెట్ బుక్ చేద్దాం.