అపశబ్దమునకు శబ్దత్వము కలదా? - ఆంగ్లభాషా ప్రయోగవిచారము

ఆంగ్లమున శిష్టులు పరిహరించు వాడుకమాటను చూపి “ఇది అసలు మాటయే కాదు” అనుట విద్యాలయములందు తరచుగా వినవచ్చుచున్నది. నిఘంటువున లేనిది శబ్దము కాదని పూర్వపక్షము. ఈ వాదమున శబ్దత్వము, సాధుత్వము అను రెండు ప్రశ్నలు కలిసిపోయినవి. వీనిని వేరుచేసిననే గాని నిర్ణయము కుదరదు.

ఈ విభాగము శాబ్దికులకు క్రొత్త కాదు. పతంజలి మహాభాష్యపు పస్పశాహ్నికమున గోశబ్దమునకు గావీ, గోణీ, గోతా, గోపోతలికా అను అపభ్రంశములను చూపెను. అర్థబోధ సాధువువలనను అపశబ్దమువలనను సమానముగనే కలుగుచుండగా వ్యాకరణము ధర్మనియమము చేయుచున్నదని ఆయన ఆశయము. అపభ్రంశము సాధుశబ్దమును స్ఫురింపజేసి అర్థమిచ్చునని చెప్పిన భర్తృహరియే, పరంపరగా అపభ్రంశమే ప్రసిద్ధమైనచోట సాధుశబ్దము వాచకము కాదని అంగీకరించెను. అపభ్రంశమున శక్తి లేదనియు, శక్తిభ్రమవలననే బోధ కలుగుననియు నైయాయికులు వాదింపగా, కౌండభట్ట నాగేశులు అందును శక్తిని అంగీకరించిరి.

ఇక ఆంగ్లమును చూడవలెను. జోనాథన్ స్విఫ్ట్ 1710లో టాట్లర్ పత్రికయందు ‘మాబ్’, ‘బ్యాంటర్’ అను మాటలను నిరసించెను. మొదటిది అల్లరిమూక యను అర్థమున ఒక లాటిన్ పదబంధమునకు కుదింపు. రెండవదానికి పరిహాసభాషణమని అర్థము. నేడు రెండును శిష్టప్రయోగములే. శామ్యూల్ జాన్సన్ తన 1755 నాటి నిఘంటువున కొన్ని మాటలను నీచపదములని గుర్తించియు విడువక చేర్చెను. 1961లో వెలువడిన వెబ్‌స్టర్ మూడవ అంతర్జాతీయ నిఘంటువు ‘ఎయింట్’ అను నిషేధరూపమునెడ తగినంత కాఠిన్యము చూపలేదని పత్రికలు ఆగ్రహించినవి. ఆ మాట 1934 నాటి ముద్రణముననే కలదు. కావున అచటి వివాదము సాధుత్వమును గూర్చినదే.

‘ఆస్క్’ అనుటకు ‘ఆక్స్’ అనుట నేడు అశిష్టమని తలంపబడుచున్నది. ప్రాచీనాంగ్లమున రెండు రూపములును కలవు. చాసర్ కవియు రెండవ విధమును వాడెను. హింసార్థక ధాతువునుండి సింహశబ్దమును వర్ణవ్యత్యయముచే సాధించువారికి ఇది వింత గాదు. దీనివలన ఆంగ్లమున సాధుత్వము శిష్టపరిగ్రహము ననుసరించి మారుననియు, రూపమందలి దోషముచే నిర్ణీతము గాదనియు తేలుచున్నది. సంస్కృతమునకువలె ఆ భాషకు మునిత్రయ ప్రామాణ్యము లేదు. శాసించు పరిషత్తును లేదు. అచట నిఘంటువు లక్ష్యము ననుసరించు లక్షణము.

అట్లని నోటికి వచ్చిన ధ్వని యెల్ల శబ్దము గాదు. ఒక జనసముదాయమున వృద్ధవ్యవహారముచే సంకేతము గ్రహింపబడినదే శబ్దము. ఈ వివేకము లేకున్న నష్టపడునది విద్యార్థి. అమెరికాలోని ఆన్ ఆర్బర్ పాఠశాలల విషయమున 1979లో ఫెడరల్ న్యాయస్థానము, నల్లజాతి బాలబాలికల ఇంటిభాషను గమనింపక చదువు నేర్పుట తగదని తీర్పు చెప్పెను.

కావున ఉపాధ్యాయుడు “ఈ సందర్భమున ఇది సాధువు కాదు” అని దిద్దుట యుక్తము. “ఇది మాటయే కాదు” అనుట ప్రత్యక్షవిరుద్ధము. బాలుడు ఆ మాటతోనే తల్లికి తన ఆకలి తెలిపియుండును.