మాండలిన్ శ్రీనివాస్: వాద్యము మారిన తీరు

వాద్యములకు దేశసంచారము క్రొత్త కాదు. ఉర్దూ చదువు మన విద్యార్థులకు ‘సేహ్ తార్’ అనగా మూడు తీగలని వేరుగా చెప్పనక్కరలేదు. సితార్ పేరు దాని నుండియే వచ్చినది. అరబ్బుల ‘ఊద్’ ఐరోపాకు పోయి ‘ల్యూట్’ అయినది. ఆ ల్యూట్ కుటుంబములో ఇటలీ దేశమున పెరిగినది మాండలిన్. కర్నూలు, కడప కళాశాలల వార్షికోత్సవములలో గిటారు పట్టిన విద్యార్థిని చూచి, ఇది మన వాద్యము కాదని పెదవి విరుచు పెద్దలు కొందరు కలరు. వారి కొరకును, ఆ విద్యార్థి కొరకును, ఒక తెలుగువాడు పరాయి వాద్యమును ఎట్లు మనదిగా చేసెనో పరిశీలింతము.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించిరి. తండ్రి సత్యనారాయణ సంగీతజ్ఞులు. ఆరేండ్ల బాలుడు తండ్రి మాండలిన్‌ను చేత పట్టగా, ఆయన కుమారునికి క్రొత్తది కొనియిచ్చి తానే పాఠము మొదలుపెట్టిరి. 1976లో వాసురావు అను గిటారు విద్వాంసుడు పాశ్చాత్య సంగీతమును పరిచయము చేసెను. పిదప తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఆ బాలుని శిష్యునిగా స్వీకరించిరి. ఆయనకు మాండలిన్ వాయించుట రాదు. గురువు పాడుచుండగా శిష్యుడు ఆ పాటను తీగలపై వెదకికొనుచుండెను. మా దృష్టిలో ఈ లోటే వరమైనది. గురువు వాదకుడైనచో శిష్యుడు వ్రేళ్ళను అనుకరించును. ఇచ్చట కంఠమునే అనుకరింపవలసి వచ్చినది.

కాని కంఠము చేయు పని ఆ చిన్న వాద్యము చేయగలదా? మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు; అవి నాలుగు జంటలు. మీటిన నాదము వెంటనే ఆరిపోవును. అందుచే పాశ్చాత్యులు ఒకే స్వరమును వేగముగా పదే పదే మీటి దానిని నిలుపుదురు. మనకు అది చాలదు. గమకములో స్వరము ఊగవలెను. ఒక్క మీటులోనే ప్రక్క స్వరమును తాకి రావలెను. జంట తీగలను ప్రక్కకు లాగుట కష్టము. లాగినను రెండును సమముగా సాగక శ్రుతి చెడును. తోడి వంటి రాగము అట్టిచోట ఎట్లు నిలుచును? గమకము పలుకదను నేరము ముఖ్యముగా మోపియే 1940 నుండి 1971 వరకు ఆకాశవాణి హార్మోనియమును దూరముంచినది. (మన ఉరుసులలో ఖవ్వాలీ గాయకులు మాత్రము దానిని విడువలేదు!)

శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, జంటలను తొలగించి, ఐదు ఒంటి తీగలను అమర్చుకొనిరి. ఒంటి తీగ వ్రేలికి లొంగును. విద్యుత్తు వలన నాదము నిలుచును. ఐదవ తీగ వలన స్థాయి విస్తరించును. చూచుటకది గిటారుకు చిన్న తమ్ముని వలె నుండును.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరీ, 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవము, 1998లో పద్మశ్రీ. తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందములో జాకిర్ హుస్సేన్ తబలాకును, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారుకును సరిజోడుగా వాయించిరి. ఈ మెక్‌లాఫ్లిన్ కథ గిటారు విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది. 1970ల ఆరంభమున రెండు మెడల విద్యుత్ గిటారు వాయించిన ఆయన, మన సంగీతము కొరకు గిబ్సన్ కంపెనీ చేత వేరొక గిటారు చేయించుకొనిరి. దాని మెట్ల మధ్య చెక్కను గుంటగా తొలిచిరి; ప్రధాన తీగలకు అడ్డముగా అనునాదపు తీగలను బిగించిరి. గుంట ఉన్నచో తీగను లోనికి నొక్కియు, ప్రక్కకు లాగియు గమకము పలికింపవచ్చును. పాలకొల్లు బాలుని చిక్కే ఆ ఆంగ్లేయునికిని ఎదురైనదన్నమాట.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, నలువది యైదవ యేట మరణించిరి. వారి వద్దనే నేర్చిన తమ్ముడు రాజేష్ ఆ వాద్యమునే చేపట్టిరి.